ముల్లు పచ్చలోనే ఉంది

కోల్డ్ స్టోరేజీ క్వార్టర్లు, రెండో గది
ఆదివారం మధ్యాహ్నం

స్పానర్ అన్నయ్య గారికి,

నేనెవరో మీకు తెలియదు. మీ విమానాల షెడ్డులో రెండేళ్ళు పనిచేసిన పైలట్ పిల్ల వాళ్ళమ్మని. అది మిమ్మల్ని స్పానర్ మావయ్య అనేది. ఫోన్ చేసిందంటే సగం మాటలు మీ గురించే. "ఇవాళ మావయ్య టీలో స్క్రూ పడేసుకుని గంటసేపు షెడ్డంతా వెతికాడే అమ్మా, తాగాక దొరికింది" అని పడీపడీ నవ్వేది. దానికి మావయ్య అయితే నాకు అన్నయ్యే కదా. ఆ వరస చూసుకుని ధైర్యం చేసి రాస్తున్నాను. దాన్ని సాగనంపిన రోజున మీరూ వచ్చారట. ఆ రోజు నేనెవర్నీ చూడలేదు.

విమానం కూలి నాలుగు నెలలైంది. విచారణ వాళ్ళ కాగితం మొన్న వచ్చింది. పన్నెండు పేజీలు. నేను చదివింది ఐదో తరగతి. మా గోదాము గుమాస్తా చదివి చెబుతూ చివరి పేజీ దగ్గర నీళ్ళు నమిలాడు. అది లాక్కుని నేనే కూడబలుక్కున్నాను. రెక్కల మీద మంచు పట్టిందట. దిగబోయేటప్పుడు పైలట్ వేగం మరీ తగ్గించుకుందట. అందువల్లనట.

అన్నయ్య గారూ, అది కుళాయి కట్టేసిందో లేదో మూడుసార్లు వెనక్కి వచ్చి చూసుకునే పిల్ల. అలాంటిది వేగం సంగతి మర్చిపోయిందంటే నా మనసుకి ఎక్కడం లేదు. అయినా తల్లిని, నా బిడ్డ బంగారం అనే అంటాను. మీరు పనితనం తెలిసినవారు. అది తప్పు చేసిందా? ఔనంటే ఔనని రాయండి. కడుపు కాలినదాన్ని, ఇంకేం కాలుతుంది.

దాని పెట్టెలో ఒక ఫోటో దొరికింది. గుండ్రటి మీటరు, అందులో పచ్చ, పసుపు, ఎరుపు, పక్కన దాని బొటనవేలు. వెనకాల "మావయ్య బిగించాడు" అని రాసుంది. అదేమిటో కూడా చెప్పండి.

పిల్ల వాళ్ళమ్మ


విమానాల షెడ్డు
శుక్రవారం

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వారం తిరిగాను. వరస కలిపావు కాబట్టి నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ ఫోటో సంగతి. దాన్ని యాంగిల్ ఆఫ్ అటాక్ ఇండికేటర్ అంటారు. మేం కోణం ముల్లు అంటాం. ఎదురుగాలికి రెక్క ఎంత ఏటవాలుగా నిలబడిందో చెప్పడమే దాని పని. ముక్కు ఎత్తేకొద్దీ రెక్క ఎక్కువ మోస్తుంది. కానీ దేనికైనా ఒక హద్దుంటుంది. అది దాటితే గాలి రెక్కని వదిలేస్తుంది. ఆ క్షణం నుంచి అది విమానం కాదు, ఇనప సామాను. ముల్లు పచ్చలో ఉంటే నిశ్చింత, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే వెంటనే ముక్కు దించాలి. చిన్న విమానాలకి ఇది ఉండి తీరాలనేం లేదు. నీ కూతురే నా వెంటపడి పెట్టించుకుంది. మా షెడ్డులో ఉన్న రెండు విమానాలకీ నేనే బిగించాను. గాల్లో తిప్పి చూసి, ఎక్కడ పచ్చ, ఎక్కడ ఎరుపు అన్నది కూడా నేనే సరిచేశాను.

దాని పద్ధతి దానిది. రోజూ పొద్దున్నే వట్టి అరచెయ్యి రెక్క మీద వేసి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేది. "ఏం తల్లీ, గుర్రాన్ని మాలిష్ చేస్తున్నావా?" అని వెక్కిరించేవాణ్ణి. "మా అమ్మ నేర్పింది, మీకు తెలీదు, ఊరుకోండి మావయ్యా" అనేది. నేను తుడిచిన రెక్క మీద దాని వేళ్ళ ముద్రలు పడేవి. మళ్ళీ తుడుచుకునేవాణ్ణి.

ఆ రోజు కొండ అవతలి ఆసుపత్రికి మందులు తీసుకెళ్ళింది. మబ్బు అనుకున్నదానికంటే కిందికి దిగింది. మా చిన్న విమానాల రెక్కలకి మంచు కరిగించే ఏర్పాటు ఉండదు. పట్టిందని తెలియగానే వెనక్కి తిప్పింది, అది సరైన పనే. మంచు మోస్తున్న రెక్కలతో పందొమ్మిది నిమిషాలు ఎగిరింది. కొండ దాటించింది. ఊళ్ళో కప్పుల మీదికి రానివ్వలేదు. మా రన్‌వే ఇంకాస్త దూరం ఉందనగా, ఖాళీ పొలం దాకా తెచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా పైలట్లని చూస్తున్నాను చెల్లెమ్మా, అంత దూరం తేగలిగేవాళ్ళు ఎక్కువమంది లేరు.

తప్పు అనే మాట నేను అనను. అంతకంటే నా దగ్గర చెప్పడానికేమీ లేదు.

స్పానర్ అన్నయ్య


కోల్డ్ స్టోరేజీ క్వార్టర్లు
బుధవారం, పని దిగాక

అన్నయ్యా,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. పందొమ్మిది నిమిషాలు! గోదాములో గోడ గడియారం ముందు నిలబడి చూశాను. ఎంతసేపో! యాపిల్ పెట్టెలు ఒక వరస పేర్చడం అయిపోయింది, ఇంకా ముల్లు అక్కడికి రాలేదు. అంతసేపు నా పిల్ల ఆకాశాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉందన్నమాట.

అరచెయ్యి సంగతి నిజమే, నేనే నేర్పాను. ఇరవై ఆరేళ్ళుగా నా పని చలితోనే. పైపుల మీద పేరుకున్న మంచు గీకాలి, పెట్టెలు చూడాలి. బడి లేనప్పుడు అది నా వెనకే తిరిగేది. గోడ మీటరు తలుపు దగ్గరుంటుంది, తలుపు దగ్గరి సంగతే చెబుతుంది. వెనక వరసలో ఏం జరుగుతోందో దానికేం తెలుసు? అందుకే చేతి తొడుగు తీసి తాకి చూడమనేదాన్ని. ఉప్పు చల్లినంత గరుకు కంటికి ఆనదు, చేతికి ఆనుతుంది.

ఇప్పుడొక మాట. నవ్వకండి. మీరు గాలి రెక్కని వదిలేస్తుందన్నారు కదా, అదేమిటో చూడాలనిపించింది. మా గడ్డకట్టించే గదిలో పెద్ద ఫ్యాన్లున్నాయి, ముందు నిలబడితే మనిషి తూలతాడు. పెట్టెల మీద ప్లాస్టిక్ మూతలుంటాయి, కాస్త వంపుగా. ఒక మూత పట్టుకుని గాలికి ఎదురు పెట్టాను. బల్లపరుపుగా పెడితే ఊరుకుంది. ముందు అంచు కొంచెం ఎత్తానో లేదో, ఎవరో కింద నుంచి నా చెయ్యి ఎత్తినట్టయింది! ఇన్నేళ్ళుగా ఆ గాలిని తిట్టుకుంటూ పనిచేశాను, అందులో ఇంత బలం దాగుందని నాకు తెలియదు. ఇంకా ఎత్తాను, ఇంకా లేచింది. మరీ ఎత్తేసరికి టపటపా కొట్టుకుని కింద పడింది. గాలి వదిలేసింది. మీరు రాసినట్టే.

మర్నాడు ఇంకో మూత తడిపి పైపుల కింద పెట్టాను. దాని నిండా మంచు పట్టింది, పలచగా, గరుకు కాగితంలా. రెండు మూతలూ ఒకదాని తర్వాత ఒకటి పట్టి చూశాను. పదిసార్లు చూశాను. మా సూపర్‌వైజరు "నీకేమైనా గాలి పట్టిందా?" అన్నాడు. "నాకు కాదండీ, మూతకి" అన్నాను.

నున్నటి మూత ఎంత ఏటవాలు దాకా నిలిచిందో, మంచు మూత అందులో సగానికే వదిలేసింది. ఇంకా ఎత్తనే లేదు, అప్పుడే చేతిలో సత్తువ పోయినట్టు మెత్తబడి, పడిపోయింది.

అన్నయ్యా, మీరు ఆ ముల్లుకి పచ్చా ఎరుపూ సరిచేసినప్పుడు రెక్కలు నున్నగా ఉన్నాయి కదా. మరి మంచు పడితే హద్దు దగ్గరికి వచ్చేస్తుందని ఆ ముల్లుకి తెలుసా?

మీ చెల్లెలు


కోల్డ్ స్టోరేజీ క్వార్టర్లు

అన్నయ్యా,

నా ఉత్తరం అందిందా? నెల దాటింది. చదువులేనిదాన్ని, ఏదైనా తప్పుగా అడిగానేమో. ఒంట్లో బాగుందా? రెండు ముక్కలు రాయండి.


విమానాల షెడ్డు
ఆదివారం, ఒక్కణ్ణే ఉన్నాను

చెల్లెమ్మా,

ఒంట్లో బాగానే ఉంది. ఆ ప్రశ్న విచారణకి వచ్చిన ముగ్గురిలో ఒక్కరూ నన్ను అడగలేదు. నువ్వు ప్లాస్టిక్ మూత పట్టుకుని అడిగావు.

తెలియదు. ఆ ముల్లుకి మంచు సంగతి తెలియదు. అది కోణం మాత్రమే చెబుతుంది. మంచు పట్టిన రెక్క ఎప్పుడు వదిలేస్తుందో దానికి తెలియదు. ఎరుపు దాకా రాకముందే, పచ్చలో ఉండగానే రెక్క వదిలేయొచ్చు. నాకు తెలుసా అంటే, తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ ఆ రోజు గుర్తుకు రాలేదు.

మిగతాది కూడా చెబుతాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాది విమానాలు దిగే చిన్న స్ట్రిప్పు, టవరు లేదు. షెడ్డులో ఒక రేడియో ఉంది. దాని మాటలు ఎక్కడా రికార్డు కావు. ఆ రోజు రేడియో దగ్గర నేనే ఉన్నాను. ఆఖర్న మా వైపు తిరిగాక పిలిచింది.

"మావయ్యా, ముల్లు పచ్చలోనే ఉంది. కానీ నా చేతికి బాగాలేదు. అడుసులో గరిటె తిప్పుతున్నట్టుంది. నేను వేగంగానే దిగుతాను."

వాన పడి రన్‌వే తడిగా ఉంది. మాది పొట్టి రన్‌వే, చివర ఇనప కంచె. వేగంగా వస్తే ఆగదు, కంచెకి కొడుతుంది అని నా భయం. నాకు కంచె ఒక్కటే కనబడింది. అన్నాను కదా, "పచ్చలో ఉంటే భయమెందుకు తల్లీ? నేను బిగించిన ముల్లు అది. వేగం తగ్గించుకుని నిదానంగా రా."

దానికి, "సరే మావయ్యా."

అంతే. అదే దాని ఆఖరి మాట.

నీ కూతురు తనంతట తాను వేగం తగ్గించుకోలేదు. నేను తగ్గించమన్నాను.


కోల్డ్ స్టోరేజీ క్వార్టర్లు

మెకానిక్ గారికి,

మీ ఉత్తరం చేరింది.

ఇన్ని నెలలూ మా గోదాములో అందరూ "పాపం, పిల్ల పొరపాటు" అని నన్ను ఓదార్చారు. నేను తలూపాను. మీరు అక్కడ కూర్చుని ఊరుకున్నారు. నా మొదటి ఉత్తరానికి జవాబు రాస్తూ కూడా ఊరుకున్నారు.

ఇక నాకు రాయకండి.


విమానాల షెడ్డు

అమ్మా,

రాయవద్దన్నారు. ఈ ఒక్కటీ కాగితాల సంగతి కాబట్టి రాయాలి, ఇక రాయను.

విచారణ ఆఫీసుకి వెళ్ళి మీకు రాసిందంతా చెప్పి సంతకం పెట్టాను. వాళ్ళు కాగితం మార్చారు. కొత్తది దీంతో పంపుతున్నాను. చివరి పేజీ మీరే చదువుకోండి. పైలట్‌కి ప్రమాదం తెలిసిందనీ, వేగంగా దిగుతానని చెప్పిందనీ, నేల మీద నుంచి తప్పుడు సలహా వచ్చిందనీ ఉంది.

పని మానేశాను. వాళ్ళు మానమనలేదు, నేనే మానేశాను. పెట్టె తెరిస్తే స్పానర్లు చేతికి రావడం లేదు. రెండో విమానాన్ని కొత్తగా వచ్చిన పైలట్ పిల్ల నడుపుతోంది. మీ అమ్మాయి ఈడు పిల్లే. అందులోనూ ఆ ముల్లే ఉంది. మళ్ళీ చలికాలం వస్తోంది. ఇంకో మెకానిక్‌ని చూసుకోమన్నాను.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.


కోల్డ్ స్టోరేజీ క్వార్టర్లు
ఆదివారం

అన్నయ్యా,

కాగితం చదివాను. గుమాస్తా సాయం లేకుండానే చదివాను. ప్రమాదం తెలిసింది అన్న ముక్క మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత మీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. మూడు వారాలు తెచ్చుకున్నాను. నిలవలేదు. ఎందుకు నిలవలేదో చెప్పాలి. నేనూ మీలాగే ఒకటి దాచాను.

మా పిల్లకి పదేళ్ళప్పుడు ఒకసారి వెనక వరసలో యాపిల్స్ గడ్డకడుతున్నాయని చేతికి తెలిసి, వెళ్ళి చెప్పాను. అప్పటి సూపర్‌వైజరు గోడ మీటరు చూపించి, "ఇది చెప్పేది నిజమా, ఐదో తరగతి చెయ్యి చెప్పేది నిజమా?" అన్నాడు. అందరూ నవ్వారు. అది కూడా అక్కడే ఉంది. వారం తిరక్కుండా వెనక వరసంతా పారబోశారు, అది వేరే సంగతి. కానీ ఆ నవ్వు నాలో ఉండిపోయింది. అప్పట్నించీ ముల్లున్న వస్తువేది చూసినా నాకు భయమూ భక్తీ.

ఆ ప్రమాదానికి వారం ముందు ఫోన్ చేసింది. "అమ్మా, ఒక్కోసారి ముల్లు ఒకటి చెబుతుంది, చెయ్యి ఇంకోటి చెబుతుంది. ఎవరి మాట వినాలి?" అంది. నవ్వుతూనే అడిగింది. నేను నవ్వలేదు. "చదువుకున్నవాళ్ళు చేసిన మిషన్ తల్లీ. ఐదో తరగతిదాని కూతురి చెయ్యి ఏపాటిది? మిషన్ మాటే విను" అన్నాను.

"నువ్వేనా ఈ మాట అంటున్నది?" అంది.

"నేనే" అన్నాను.

కాబట్టి ఆ రోజు రేడియోలో మీరొక్కరే మాట్లాడలేదు. దాని ఒక చెవిలో మీరున్నారు, ఒక చెవిలో నేనున్నాను. దాని చెయ్యి తప్పు చెప్పలేదు. పెద్దవాళ్ళం ఇద్దరం చెప్పాం, పిల్ల విన్నది.

ఇక నా మాట వినండి. పని మానేస్తే ఎవరికి లాభం? ఆ కొత్త పిల్లకి కూడా ఒక తల్లి ఉంటుంది. మీరు పెట్టిన ముల్లు, దాని గుణం మీకే తెలుసు. వెళ్ళి పెట్టె తెరవండి. ముల్లు పీకేయకండి, పాపం అదేం చేసింది, దానికి తెలిసింది అది చెప్పింది. దాని కిందే చీటీ అతికించండి. మంచు ఉంటే నా పచ్చని నమ్మకు అని అది చెప్పుకోలేదు కదా, మనం చెబుదాం.

మీ చెల్లెలు


విమానాల షెడ్డు

చెల్లెమ్మా,

పెట్టె తెరిచాను. చీటీ అతికించాను. పొద్దున్నే రెక్కల మీద అరచెయ్యి వేసి నడిచేది ఇప్పుడు నేను. కొత్త పైలట్ పిల్ల చూసి, "ఏంటి సార్, గుర్రాన్ని మాలిష్ చేస్తున్నారా?" అంది. లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

మంచు ముదరకముందే ఒకసారి రా. మబ్బులేని రోజు చూసి రాస్తాను. దాని ఆకాశం నువ్వు చూడాలి.

స్పానర్ అన్నయ్య


కోల్డ్ స్టోరేజీ క్వార్టర్లు
మీ దగ్గర్నుంచి వచ్చిన మూడో రోజు

స్పానర్ అన్నయ్యకి,

క్షేమంగా చేరాను. గోదాములో అందరూ చుట్టూ మూగి "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని ఒకటే గోల. బాగుంది అన్నాను. ఇంకేం చెప్పను? మీ ముందు కూడా అదే మాట అని వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

ఎగరకముందు రెక్క మొదట్లో, షెడ్డు నీడ పడ్డచోట, నా అరచేతికి గరుకు తగిలింది కదా. మీరూ ఆ కొత్త పైలట్ పిల్లా వంగి వంగి చూసినా కనబడలేదు. "ఆంటీ చెయ్యి తీసేదాకా బండి కదలదు" అని గుడ్డ పట్టుకుని తుడిచింది. మన పిల్ల వేళ్ళ ముద్రలు పడిన చోటే తుడిచిందని నాకనిపించింది.

పైకి లేచినప్పుడు భయపడతాననుకున్నాను. భయం కాదు అన్నయ్యా. ప్లాస్టిక్ మూత కింద నా చెయ్యి లేపిన గాలే, ఇప్పుడు ముగ్గురు మనుషుల్ని, ఇనప సామానుని, నా ఇరవై ఆరేళ్ళ చలిని మొత్తం అరచేతిలో పెట్టుకుని ఎత్తింది. కనబడదు. వాసన లేదు. పట్టుకుందామంటే దొరకదు. అంత పెద్దది మన చుట్టూ ఎప్పుడూ ఉంటే, నేను తల వంచుకుని మంచు గీకుతూ బతికాను. నా పిల్ల తల ఎత్తి చూసింది. అది వెళ్ళిన చోటికి వెళ్ళాను, చాలు.

ఒకటి మీకు తెలియదు. మీరు వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉన్నారు, నేను చూశాను లెండి. బాగా పైకి వెళ్ళాక ఆ పిల్లని అడిగాను, "గాలి వదిలేయడం ఎలా ఉంటుందో చూపించమ్మా" అని. తటపటాయించింది. "ఇంత ఎత్తులో ప్రమాదం లేదు గానీ, కడుపులో తిప్పుతుంది ఆంటీ" అంది. "పర్లేదు" అన్నాను. దాని చేతి పక్కనే నా చెయ్యి కూడా స్టీరింగు మీద ఊరికే ఆనించమంది. ముక్కు మెల్లగా ఎత్తింది. ముల్లు పచ్చలో ఉందో పసుపులో ఉందో నేను చూడలేదు. నేనూ కళ్ళు మూసుకున్నాను.

ముందు గట్టిగా ఉంది, బతికున్న జంతువులా. తర్వాత ఉన్నట్టుండి చేతిలోంచి జీవం జారిపోతున్నట్టు, మెత్తగా, అడుసులో గరిటెలా.

"ఇప్పుడు" అన్నాను.

అప్పుడు మోగింది, గాలి వదిలేయబోతోందని చెప్పే హెచ్చరిక కూత. ఆ పిల్ల ముక్కు దించింది, విమానం ఒక్క తూలు తూలి మళ్ళీ గాలిని అందుకుంది. "ఆంటీ, కూత కంటే ముందే మీకెలా తెలిసింది?" అంది. ఎలా తెలిసిందో ఏం చెప్పను? మన పిల్లకీ అలాగే తెలిసింది. ఖచ్చితంగా అలాగే. నా చెయ్యే దానికి ఇచ్చాను. అది పనిచేసింది. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇవాళ గోడ మీటరు రెండు డిగ్రీలు చూపిస్తోంది. నేను వెనక వరసకి వెళ్ళి తొడుగు తీసి చూసుకుని వచ్చాను.

ఒకటి అడుగుతాను, కాదనకండి. మంచు మొదలైంది. రేపో ఎల్లుండో ఆ పిల్ల మబ్బులోంచి మిమ్మల్ని పిలిచి, "ముల్లు పచ్చలోనే ఉంది, కానీ నా చేతికి బాగాలేదు" అంటుంది. మీరేం చెబుతారో నాకు తెలుసు. అయినా మీ చేతిరాతలో చూడాలని ఉంది. రాసి పంపండి.

మీ చెల్లెలు


విమానాల షెడ్డు
రేడియో బల్ల దగ్గర

చెల్లెమ్మా,

"నీ చెయ్యే నిజం తల్లీ. ముక్కు దించు. వేగం తగ్గించకు, ఎంత వేగంగా వస్తావో రా. రన్‌వే చాలదని భయపడకు, చివర ఇప్పుడు కంచె లేదు. నిన్న నేనే పీకేశాను."

స్పానర్ అన్నయ్య